అమెరికా కాలేజీలో ఆడుతూ చదవాలంటే: తొమ్మిదో తరగతి నుంచి మొదటి సెమిస్టర్ దాకా

విశాఖలో పెరిగిన సాకేత్ మైనేని యూనివర్సిటీ ఆఫ్ అలబామాలో టెన్నిస్ ఆడుతూ చదివాడు. తెలంగాణ అమ్మాయి సహజ యమలపల్లి శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడింది. హైజంపర్ తేజస్విన్ శంకర్ కాన్సాస్ స్టేట్ తరఫున 2018లో, 2022లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలను నడిపే ప్రధాన సంఘం) టైటిల్ గెలిచాడు. ఈ దారి మనవాళ్లకు కొత్తది కాదు, అసాధ్యమూ కాదు. అయినా ఆటలో సత్తా ఉండి కూడా చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. కారణం తరచూ ఆట కాదు. తొమ్మిదో తరగతి మార్కుల షీట్ దొరకకపోవడం, ఇంటర్ అయ్యాక ఏడాదిన్నర ఖాళీగా టోర్నీలు ఆడటం, మధ్యలో ఏదో డిగ్రీ కాలేజీలో చేరిపోవడం లాంటివి. ఇవన్నీ ముందే తెలిస్తే తప్పించుకోదగ్గవే. అందుకే తయారీని తొమ్మిదో తరగతి నుంచి లెక్కపెట్టి రాస్తున్నాం.

1. ముందు మీ ఆట అక్కడ ఉందో లేదో చూడండి

మన దగ్గర పెద్ద ఆటలన్నీ అమెరికా కాలేజీల్లో పెద్ద ఆటలు కావు. బ్యాడ్మింటన్‌కు హైదరాబాద్ దేశానికే కేంద్రం, కానీ ఎన్‌సీఏఏలో బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ లేదు. క్రికెట్, కబడ్డీ, టేబుల్ టెన్నిస్, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్, ఆర్చరీలదీ అదే పరిస్థితి. వీటిలో కొన్నిటికి కాలేజీ క్లబ్బులుంటాయి. క్లబ్‌లో ఆడటం వేరు, కాలేజీ జట్టులో స్కాలర్‌షిప్‌తో ఆడటం వేరు. 'బ్యాడ్మింటన్ కోటాలో ఫుల్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం' అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి.

మన పిల్లలకు నిజంగా తలుపులు తెరిచే ఆటలు టెన్నిస్, అథ్లెటిక్స్, స్విమ్మింగ్, గోల్ఫ్. బాస్కెట్‌బాల్, వాలీబాల్, సాకర్ ఉన్నాయి గానీ పోటీ చాలా గట్టిది. షూటింగ్‌లో ఒక మెలిక ఉంది: ఎన్‌సీఏఏలో రైఫిల్ ఉంది, పిస్టల్ లేదు. వెస్ట్ వర్జీనియా, కెంటకీ, టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ), అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ లాంటి చోట్ల రైఫిల్ జట్లు బలంగా ఉంటాయి. పదకొండేళ్లకో పన్నెండేళ్లకో ఆయుధం ఎంచుకునే పిల్లల తల్లిదండ్రులకు ఇది తెలిసి ఉండటం మంచిది. చెస్ ఎన్‌సీఏఏ కిందికి రాదు. కానీ యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ డాలస్, టెక్సస్ రియో గ్రాండ్ వ్యాలీ, వెబ్‌స్టర్, సెయింట్ లూయిస్ లాంటి యూనివర్సిటీలు చెస్‌కే స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి. ఆ దారి నిబంధనలు వేరు, ఈ వ్యాసంలో చెప్పే ఎన్‌సీఏఏ లెక్కలు దానికి వర్తించవు.

2. ఏ మెట్టు మీది?

ఎన్‌సీఏఏలో మూడు డివిజన్లు. డివిజన్-1లో డబ్బు, పోటీ రెండూ ఎక్కువ. డివిజన్-2లో పాక్షిక స్కాలర్‌షిప్‌లు మామూలు. డివిజన్-3లో ఆట పేరిట ఒక్క డాలరు కూడా ఇవ్వరు, కానీ చదువుకూ, కుటుంబ ఆదాయానికీ తగ్గట్టు ఇచ్చే సాయం ఉంటుంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు డివిజన్-1లో ఆడినా ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. వీటికి బయట ఎన్ఏఐఏ అనే వేరే సంఘం ఉంది. రెండేళ్ల జూనియర్ కాలేజీలకు ఎన్‌జేసీఏఏ ఉంది. అక్కడ రెండేళ్లు ఆడి, తర్వాత డివిజన్-1కి మారేవాళ్లూ ఉంటారు.

పేరున్న యూనివర్సిటీ బెంచీ మీద నాలుగేళ్లు కూర్చోవడం కన్నా, వారం వారం ఆడే చిన్న కాలేజీ మేలు. ఇది మా గట్టి అభిప్రాయం. మీ స్థాయి తెలుసుకోవడానికి ఆయా కాలేజీ జట్టు వెబ్‌సైట్లో ఆటగాళ్ల జాబితా, గత సీజన్ ఫలితాలు చూడండి. టెన్నిస్ అయితే అందరి యూటీఆర్ (యూనివర్సల్ టెన్నిస్ రేటింగ్) చూసి, జట్టులో నాలుగు, ఐదు, ఆరో స్థానాల్లో ఆడేవాళ్ల రేటింగ్‌తో మీది పోల్చండి. అబ్బాయిల్లో పెద్ద జట్లు 12, 13 దగ్గర ఉంటాయి. అథ్లెటిక్స్ అయితే ఆ కాలేజీ ఆడే కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల కూటమి) ఫైనల్లో ఎనిమిదో స్థానం ఎంతకు వచ్చిందో చూడండి. ఆ మార్కు దగ్గర్లో ఉంటేనే కోచ్ మీ మెయిల్ చివరిదాకా చదువుతాడు.

3. తొమ్మిదో తరగతి నుంచి ప్రతి మార్కుల కాగితం దాచండి

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. అమెరికాలో హైస్కూల్ అంటే 9, 10, 11, 12 తరగతులు. ఆ నాలుగేళ్ల మార్కులూ ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ (ఆటగాళ్ల అర్హత తేల్చే విభాగం) అడుగుతుంది. మన దగ్గర పదో తరగతికి బోర్డు మెమో ఉంటుంది, ఇంటర్‌కు రెండేళ్ల మెమో ఉంటుంది. తొమ్మిదో తరగతికి మాత్రం స్కూలు ఇచ్చిన ప్రోగ్రెస్ రిపోర్టు తప్ప ఇంకేమీ ఉండదు. స్కూలు మూతపడ్డా, యాజమాన్యం మారినా అదీ దొరకదు. కాబట్టి తొమ్మిది పూర్తయిన వేసవిలోనే సబ్జెక్టులవారీ వార్షిక మార్కులతో, స్కూల్ లెటర్‌హెడ్ మీద, హెడ్మాస్టర్ సంతకం, స్టాంపుతో ఒక షీట్ తీసుకోండి. రెండు ఒరిజినల్స్ తీసుకుంటే ఇంకా మంచిది.

డివిజన్-1, డివిజన్-2లకు 16 కోర్ కోర్సులు కావాలి. ఒక సబ్జెక్టు ఒక ఏడాది చదివితే ఒకటిగా లెక్క. డివిజన్-1కి ఇంగ్లిష్ నాలుగు, మ్యాథ్స్ మూడు, సైన్స్ రెండు, ఈ మూడిటిలోంచే అదనంగా ఒకటి, సోషల్ రెండు, మిగతా నాలుగు వీటిలోంచి గానీ మరో భాష నుంచి గానీ. డివిజన్-2 పంపకం కొంచెం వేరుగా ఉంటుంది. ఎంపీసీ విద్యార్థి లెక్క వేసుకుంటే ఇంగ్లిష్ నాలుగు, మ్యాథ్స్ నాలుగు, తొమ్మిది-పదిలో సైన్స్ రెండు, సోషల్ రెండు, ఇంటర్లో ఫిజిక్స్ రెండు, కెమిస్ట్రీ రెండు. సరిగ్గా పదహారు. సెకండ్ లాంగ్వేజ్ దానికి పైమాట.

బైపీసీ, సీఈసీ వాళ్లకు చిక్కు వస్తుంది. మ్యాథ్స్ పదితో ఆగిపోతే రెండేళ్లే అవుతుంది, డివిజన్-1 అడిగేది మూడు. కాబట్టి ఇంటర్ గ్రూపు ఎంచుకునేటప్పుడే ఈ లెక్క చూసుకోండి. ఇప్పటికే ఆ గ్రూపుల్లో ఉంటే, మిమ్మల్ని తీసుకోవాలనుకునే కాలేజీలో ఆటల నిబంధనలు చూసే కాంప్లయన్స్ ఆఫీసును ముందే అడగండి. డివిజన్-1కి ఇంకో షరతు ఉంది: పదహారులో పది కోర్సులు ఆఖరి ఏడాది మొదలయ్యేలోపే, అంటే మన ఇంటర్ సెకండియర్‌కు ముందే, పూర్తవ్వాలి. అందులో ఏడు ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్‌లవే కావాలి.

కోర్ కోర్సుల్లో, 4 పాయింట్ల స్కేలు మీద, డివిజన్-1కి 2.3, డివిజన్-2కి 2.2 జీపీఏ ఉండాలి. మన మార్కులను జీపీఏగా మార్చేది ఎన్‌సీఏఏనే, తన దగ్గరున్న దేశాలవారీ పట్టికతో. కన్సల్టెన్సీలో వేసిచ్చిన జీపీఏకి అక్కడ విలువ లేదు. ఎన్‌సీఏఏ కోసమని డబ్బు కట్టి వేరే సంస్థతో మార్కుల మదింపు చేయించుకోనక్కర్లేదు. కాలేజీ అడ్మిషన్ ఆఫీసు విడిగా అడిగితే అది వేరే సంగతి. ప్రాక్టీస్ కోసం ఓపెన్ స్కూల్‌కు మారేవాళ్లు మారకముందే ఆలోచించాలి. పాఠాలు ఎవరు చెప్పారు, టీచరు పర్యవేక్షణ ఉందా, తొమ్మిదో తరగతి ఎక్కడ చదివారు అన్న ప్రశ్నలకు కాగితాలతో జవాబు చెప్పగలగాలి.

4. కనపడకుండా తిరిగే గడియారాలు

ఇంటర్ పాసయ్యాక మీకు ఎక్కువ సమయం ఉండదు. డివిజన్-1లో చాలాకాలంగా ఉన్న నిబంధన ఇది: హైస్కూల్ పూర్తయ్యాక చాలా ఆటల్లో ఒక ఏడాదిలోపు, టెన్నిస్‌లో అయితే ఆరు నెలల్లోపు కాలేజీలో చేరాలి. ఆ గడువు దాటాక టోర్నీలు ఆడితే, ఆడిన ప్రతి ఏడాదికీ కాలేజీలో ఆడే నాలుగు సీజన్లలో ఒకటి పోతుంది, పైగా చేరాక మొదటి ఏడాది ఆడనివ్వరు. గడువు మీ క్లాసువాళ్లు పాసయిన తేదీ నుంచి లెక్క, మీరు తీరిగ్గా సప్లిమెంటరీ రాసిన తేదీ నుంచి కాదు. ఈ లెక్కను వయసు ఆధారంగా మార్చాలన్న ప్రయత్నాలు కూడా నడుస్తున్నాయి. ఏ లెక్క అమల్లో ఉన్నా ఖాళీ సంవత్సరం మీకు నష్టమే. మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోతే ఆ ఆగస్టులోనో, మరుసటి జనవరిలోనో క్యాంపస్‌లో ఉండేలా ప్లాన్ చేయండి. జేఈఈ లాంగ్‌టర్మ్ కోచింగ్ ఒక ఏడాది, ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలు ఇంకో ఏడాది అనుకుంటే చేతికొచ్చిన నాలుగు సీజన్లలో సగం ఇక్కడే కరిగిపోతాయి.

రెండో గడియారం ఇంకా తీవ్రమైనది. ఎక్కడైనా సరే, ఏ దేశంలోనైనా సరే, ఫుల్‌టైమ్ కాలేజీలో చేరిన రోజు నుంచి డివిజన్-1లో ఆ నాలుగు సీజన్లు ఆడేయాల్సిన ఐదేళ్ల గడువు మొదలవుతుంది. 'వీసా వచ్చేదాకా ఇంట్లో ఖాళీగా ఎందుకు' అని బీటెక్‌లోనో డిగ్రీలోనో చేరితే ఆ గడువు మొదలైనట్టే. పైగా మీరు కొత్త విద్యార్థి కాకుండా ట్రాన్స్‌ఫర్ విద్యార్థి అవుతారు, నిబంధనలు మారిపోతాయి. ఒక్క సెమిస్టర్ హాజరై మానేసినా లెక్కే. చేరామన్న సంగతి దాచిపెట్టడం మరీ ప్రమాదం, బయటపడితే సీటే పోవచ్చు.

5. ప్రైజ్ మనీకి, సాయానికి లెక్క రాసి ఉంచండి

ప్రతి టోర్నీకి ఒక వరుస రాయండి: తేదీ, ఊరు, వచ్చిన ప్రైజ్ మనీ, ఎంట్రీ ఫీజు, ప్రయాణం, హోటల్, తిండి, కోచ్ ఖర్చు. రసీదుల ఫోటోలు అదే ఫోల్డర్‌లో పెట్టండి. టెన్నిస్‌లో కాలేజీలో చేరకముందు ఏడాదికి 10,000 డాలర్ల దాకా ప్రైజ్ మనీ, ఆ పైన ఖర్చుల మేరకు తీసుకోవచ్చన్నది తెలిసిన నిబంధన. ఈ విషయంలో కోర్టు కేసులు నడిచాయి, నిబంధనలు మారుతున్నాయి. రేపు ఏ నిబంధన వచ్చినా, లెక్క రాసి ఉన్నవాడికి భయం లేదు.

ఖేలో ఇండియా భత్యం, రాష్ట్ర ప్రభుత్వ నగదు పురస్కారం, కంపెనీ ఇచ్చిన కిట్, రైల్వేస్ లేదా మరో సంస్థతో స్పోర్ట్స్ కోటా ఒప్పందం, అన్నీ ఎలిజిబిలిటీ సెంటర్ ఇచ్చే ప్రశ్నావళిలో చెప్పండి, మంజూరు ఉత్తర్వు కాపీ జత చేయండి. ఏజెంట్‌తో సంతకం, క్లబ్‌తో జీతం ఒప్పందం ఈ రెండూ మాత్రం కాలేజీ సంగతి తేలేదాకా చేయకండి.

కన్సల్టెన్సీకి వెళ్లేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. వచ్చే స్కాలర్‌షిప్‌లో ఇంత శాతం మాకు ఇవ్వాలి అనే ఒప్పందం ఎన్‌సీఏఏ నిబంధనలకు విరుద్ధం, విద్యార్థి అర్హతకే ముప్పు తెస్తుంది. స్కాలర్‌షిప్‌తో సంబంధం లేని స్థిరమైన ఫీజు అయితేనే, అదీ కాగితం మీద రాసి ఉంటేనే కట్టండి.

6. ఎలిజిబిలిటీ సెంటర్ అకౌంట్

పదో తరగతిలో ఉండగానే ఉచిత ప్రొఫైల్ తెరవచ్చు. కోచ్‌లతో మాటలు ముదిరాక, ఇంటర్ మొదటి ఏడాదిలో, ఫీజు కట్టే సర్టిఫికేషన్ అకౌంట్‌కు మారండి. పది అంకెల ఎన్‌సీఏఏ ఐడీ వస్తుంది, కోచ్‌లు దాన్నే అడుగుతారు. డివిజన్-3కి వెళ్లే విదేశీ విద్యార్థులకు కూడా ఇప్పుడు అమెచ్యూర్ హోదా (ఆటను వృత్తిగా చేసుకోలేదన్న) ధ్రువీకరణ కావాలి.

మెమోలను ఒరిజినల్ నుంచి కలర్ స్కాన్ చేయండి, నాలుగు మూలలూ కనపడాలి. ఫోన్‌తో వంకరగా తీసిన ఫోటోలు వెనక్కి వస్తాయి. ఇంగ్లిష్‌లో లేని ఏ పేజీకైనా వాక్యం వాక్యంగా చేసిన ధ్రువీకృత అనువాదం కావాలి. ఇంటర్ పాసైన మెమో రాగానే ఎక్కించండి, అది లేకుండా తుది నిర్ణయం రాదు. ఆగస్టులో చేరేవాళ్లు ఏప్రిల్ 1 తర్వాత అకౌంట్‌లోకి వెళ్లి తుది అమెచ్యూర్ ధ్రువీకరణ కోరాలి. జనవరిలో చేరేవాళ్లు అక్టోబర్ 1 తర్వాత. ఇదొక్క బటన్ నొక్కడమే, కానీ దాన్ని మరిచిపోయి సీజన్ మొదటి మ్యాచ్‌లు బయట కూర్చుని చూసేవాళ్లు ఉంటారు. ఎన్ఏఐఏకు వెళ్లేవాళ్లకు అకౌంట్ వేరు, పద్ధతీ వేరు.

7. కోచ్‌కు మెయిల్

చాలా ఆటల్లో డివిజన్-1 కోచ్‌లు పదో తరగతి పూర్తయిన తర్వాత వచ్చే జూన్ 15 నుంచి మీతో నేరుగా మాట్లాడొచ్చు. అంతకుముందు మీరు మెయిల్ పంపొచ్చు, వాళ్లు జవాబు ఇవ్వలేరు. జవాబు రాలేదని నిరాశ పడి ఆపేయకండి, జూన్ 15 తర్వాత మళ్లీ పంపండి.

సబ్జెక్ట్ లైన్‌లోనే విషయం ఉండాలి. ఉదాహరణకు: '2027 ఫాల్, 400 మీటర్ల హర్డిల్స్, 52.10, ఇండియా' (ఫాల్ అంటే ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్). లోపల పది పన్నెండు వాక్యాలు చాలు: పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం, ఇంటర్ పూర్తయ్యే నెల, మార్కుల శాతం, ఇంగ్లిష్ పరీక్ష లేదా ఎస్ఏటీ (అమెరికా కాలేజీ ప్రవేశాలకు చూసే పరీక్ష) స్కోరు ఉంటే అది, ఉత్తమ ప్రదర్శనలు తేదీ, ఊరు, ఫలితాల లింకుతో, మీ కోచ్ ఫోన్ నంబరు, ఏడాదికి కుటుంబం ఎంత భరించగలదు, వీడియో లింకు. వాళ్ల జట్టులో మీరు ఎక్కడ సరిపోతారో ఒక వాక్యం రాయండి. అదొక్కటే వంద కాలేజీలకు ఒకే మెయిల్ పంపినవాళ్ల నుంచి మిమ్మల్ని వేరుచేస్తుంది.

అంకెల్లో నిజాయితీ చాలా ముఖ్యం. జిల్లా మీట్‌లో స్టాప్‌వాచ్‌తో తీసిన టైమింగ్‌ను ఎలక్ట్రానిక్ టైమింగ్‌లా రాయకండి. 100, 200 మీటర్లలో చేతి టైమింగ్‌కు 0.24 సెకన్లు కలిపి చూస్తారు. గాలి వేగం రాయండి, సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ మార్కును పక్కన పెడతారు. ఈతగాళ్లు 50 మీటర్ల కొలనులో టైమింగ్ అని స్పష్టంగా చెప్పాలి. అమెరికా కాలేజీలు 25 గజాల కొలనులో పోటీపడతాయి, 100 మీటర్ల ఫ్రీస్టైల్ 54 సెకన్లలో ఈదినవాడు అక్కడ 100 గజాలు దాదాపు 47లో ఈదుతాడు. మార్చే పని కోచ్‌కు వదిలేయండి, అసలు అంకె మాత్రం ఇవ్వండి.

వీడియో మూడు నుంచి ఐదు నిమిషాలు. సంగీతం, స్లోమోషన్ అక్కర్లేదు. టెన్నిస్ అయితే బేస్‌లైన్ వెనక ఎత్తులో కెమెరా పెట్టి, కోర్టంతా కనపడేలా, గెలిచిన పాయింట్లూ ఓడినవీ కలిపి కత్తిరించకుండా ఇవ్వండి. ముప్పై నుంచి యాభై కాలేజీలకు రాయండి, పట్టికలో గుర్తుపెట్టుకోండి, మూడు వారాలకోసారి కొత్త ఫలితంతో మళ్లీ రాయండి. మెయిల్ పిల్లలే రాయాలి, వీడియో కాల్‌లో పిల్లలే మాట్లాడాలి. నాన్నగారే మాట్లాడుతుంటే కోచ్ మర్యాదగా విని, ఫోన్ పెట్టేసి ఇంకో పేరు చూసుకుంటాడు.

8. ఆఫర్‌ను డాలర్లలో చదవండి

2024 అక్టోబర్‌లో ఫలానా కాలేజీలో చేరతానని ఆటగాడు సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ రద్దయింది, ఇప్పుడు సంతకం చేసేది కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయ ఒప్పందం మీద. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ కేసు (ఆటగాళ్లకు చెల్లింపులపై నడిచిన దావా) ఒప్పందంతో ఇంకో మార్పు వచ్చింది. దానిలో చేరిన డివిజన్-1 కాలేజీలకు పాత స్కాలర్‌షిప్ పరిమితులు పోయి, జట్టు పరిమాణానికి పరిమితి వచ్చింది. టెన్నిస్‌కు 10 మంది, గోల్ఫ్‌కు 9 మంది. చేరని కాలేజీల్లో పాత లెక్కే, ఉదాహరణకు పురుషుల టెన్నిస్‌లో జట్టు మొత్తానికి 4.5 స్కాలర్‌షిప్‌లు, అమ్మాయిల టెన్నిస్‌లో 8. అందుకే మీ కాలేజీ ఏ పక్క ఉందో కోచ్‌ను అడగండి.

'50 శాతం' అంటే దేనిలో 50 శాతం? ట్యూషన్ 40,000 డాలర్లు, హాస్టల్, భోజనం 16,000, మిగతా ఖర్చులు 4,000 అనుకుందాం. మొత్తంలో సగం అయితే మీరు కట్టేది ఏడాదికి 30,000. ట్యూషన్‌లో సగమే అయితే 40,000. నాలుగేళ్లకు తేడా 40,000 డాలర్లు. ఇవి కూడా రాతపూర్వకంగా అడగండి: స్కాలర్‌షిప్ ఒక ఏడాదికా, నాలుగేళ్లకా? గాయమైతే ఉంటుందా? కోచ్ మారితే? సమ్మర్ కోర్సులకు ఎవరు కడతారు? ఆరోగ్య బీమా ఎవరిది? ఫోన్‌లో ఇచ్చిన మాటకు విలువ లేదు, కోచ్ మంచివాడైనా సరే, వచ్చే ఏడాది ఆయన అక్కడ ఉండకపోవచ్చు.

పన్ను సంగతి ఎవరూ ముందు చెప్పరు. ట్యూషన్, పుస్తకాలకు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. హాస్టల్, భోజనానికి ఇచ్చిన భాగం మీద ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు 14 శాతం కోస్తారు. పైన చెప్పిన 16,000 పూర్తిగా స్కాలర్‌షిప్ అయితే 2,240 డాలర్లు మీ ఫీజు ఖాతాలో బాకీగా కనపడుతుంది. కంగారు పడొద్దు. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని ఆర్టికల్ 21 ప్రకారం మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని స్థిర మొత్తం) వాడుకోవచ్చు, చాలా దేశాలవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. మరుసటి ఏడాది ఏప్రిల్ 15లోపు 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్న్ దాఖలు చేస్తే అందులో ఎక్కువ భాగం తిరిగొస్తుంది. కానీ ముందుగా కట్టడానికి చేతిలో డబ్బు ఉండాలి.

9. అడ్మిషన్ వేరే పని

కోచ్ ఒప్పుకున్నా సీటు ఇచ్చేది అడ్మిషన్ ఆఫీసే. 2023 నుంచి ఎన్‌సీఏఏ ఎస్ఏటీ అడగడం మానేసింది, కానీ చాలా కాలేజీలు అడుగుతున్నాయి. జార్జియా, ఫ్లోరిడా ప్రభుత్వ యూనివర్సిటీలు, ఎంఐటీ అందులో ఉన్నాయి. మంచి ఎస్ఏటీ స్కోరు చదువు స్కాలర్‌షిప్‌కూ పనికొస్తుంది, కోచ్ తన బడ్జెట్ నుంచి పెట్టాల్సింది తగ్గుతుంది కాబట్టి ఆయనకూ మీరు సులువైన ఎంపిక అవుతారు. ఇంటర్ సెకండియర్ మొదలయ్యేలోపే ఎస్ఏటీ, ఇంగ్లిష్ పరీక్ష రెండూ ముగించేయండి.

10. పేరు, పాస్‌పోర్ట్, వీసా

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, ఆధార్‌లో ఒక్క అక్షరం మాత్రమే ఉండటం మన దగ్గర మామూలు. ఫెడరేషన్ రికార్డుల్లో ఇంకో రకం. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద గివెన్ నేమ్ స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, తర్వాత బ్యాంకు నుంచి డ్రైవింగ్ లైసెన్స్ దాకా అదే తలనొప్పి. పదో తరగతిలోనే పాస్‌పోర్ట్‌ను పూర్తి ఇంటిపేరుతో సరిచేయించి, మిగతావన్నీ దానికి అనుగుణంగా మార్చండి. పుట్టిన తేదీ అన్నిచోట్లా ఒకటే ఉండాలి. వయసు విభాగాల కోసం తేదీ మార్చినవాళ్లకు ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

కాలేజీ ఐ-20 (వీసాకు కావలసిన ప్రవేశ పత్రం) పంపాక సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపి వీసా ఫీజు 185 డాలర్లు కట్టాలి. తర్వాత బయోమెట్రిక్స్, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. వేసవి నెలల్లో స్లాట్లు దొరకడం కష్టం, ఐ-20 ఎంత తొందరగా వస్తే అంత మంచిది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా ఉంచాలన్నారు. ఐ-20, స్కాలర్‌షిప్ ఒప్పందం, మిగిలిన మొత్తానికి నిధుల రుజువు, ఈ మూడింట్లో అంకెలు ఒకదానికొకటి సరిపోవాలి.

తేదీల్లో ఒక ఉచ్చు ఉంది. ఐ-20లో ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందుకన్నా ముందు అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. సాకర్, వాలీబాల్, క్రాస్ కంట్రీ జట్ల శిక్షణ ఆగస్టు మొదట్లోనే మొదలవుతుంది. ఐ-20 మీద తేదీ ఆలస్యంగా ఉంటే, జారీ చేయకముందే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు శిక్షణ తేదీ చెప్పి ముందుకు జరిపించుకోండి.

11. ఆరోగ్య పత్రాలు

టీకాల రికార్డు ఇంగ్లిష్‌లో, తేదీలతో, డాక్టర్ స్టాంపుతో కావాలి. ఎంఎంఆర్ రెండు డోసులు, టీడ్యాప్, హెపటైటిస్-బి, చికెన్‌పాక్స్, మెనింజైటిస్ సాధారణంగా అడుగుతారు. టీబీ పరీక్ష దగ్గర జాగ్రత్త: మనకు చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష చేయించుకోండి, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు.

సికిల్ సెల్ లక్షణం (వంశపారంపర్యంగా వచ్చే రక్త సంబంధ లక్షణం) ఉందో లేదో తెలిపే రక్తపరీక్ష ఫలితం లేకుండా ప్రాక్టీస్‌కు దిగనివ్వరు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో, అల్లూరి జిల్లా, ఆదిలాబాద్ వైపు, ఈ లక్షణం ఉన్నవాళ్లు ఎక్కువ. ఉన్నంత మాత్రాన ఆటకు అడ్డు కాదు. వేడిలో విశ్రాంతి లేకుండా పరిగెత్తించకూడదని శిక్షకులకు తెలియడానికే ఈ పరీక్ష.

ఇంటి నుంచి మందులు పట్టుకెళ్లేముందు సీసా మీద రాసింది చదవండి. మన దగ్గర దగ్గుకు ఇచ్చే చాలా సిరప్‌లలో టెర్బుటాలిన్ ఉంటుంది. అది నిషేధిత జాబితాలోని మందు, దొరికితే ఏడాదిపాటు ఆటకు దూరం. లేహ్యాలు, బలం పొడులు ఏ పరీక్షా లేకుండా అమ్ముతారు కాబట్టి వాటినీ ఇక్కడే వదిలేయండి. ఆస్తమా ఇన్‌హేలర్ వాడేవాళ్లు డాక్టర్ రాసిన పూర్తి చీటీ, పరీక్ష రిపోర్టులతో వెళ్లాలి.

12. మొదటి సెమిస్టర్

వారానికి శిక్షణ సీజన్లో 20 గంటలు మించకూడదు, ఒక రోజు సెలవు ఇవ్వాలి. కాగితం మీద లెక్క అది. బస్సు ప్రయాణాలు, ఫిజియో, వీటి సమయం దానికి బయట. ఇంజినీరింగ్ ల్యాబులు మధ్యాహ్నం ఉంటాయి, ప్రాక్టీస్ కూడా అప్పుడే. ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకున్నవాళ్లు జట్టులో ఉన్నారో సంతకానికి ముందే అడిగితే ఈ సమస్య ఎంత పెద్దదో తెలిసిపోతుంది.

సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తగ్గకూడదు. 15 తీసుకోండి, అప్పుడు ఒకటి వదిలినా 12 మిగులుతాయి. 12 తీసుకుని కష్టంగా ఉందని ఒక సబ్జెక్టు వదిలిన రోజునే ఆటకు అనర్హులవుతారు, ఎఫ్-1 హోదా కూడా దెబ్బతింటుంది. ఆ పన్నెండులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, మూడు క్రెడిట్ల దాకా, లెక్కలోకి వస్తుంది. డివిజన్-1లో రెండో ఏడాది ఆడాలంటే 24 క్రెడిట్లు పూర్తవ్వాలి.

జట్టులోని అమెరికన్ స్నేహితులు పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు సంపాదిస్తుంటారు. కాలేజీలు తమ ఆదాయంలో వాటా కూడా పంచుతున్నాయి. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు క్యాంపస్ బయట పని చేసే అనుమతి ఉండదు. అమెరికాలో ఉండగా డబ్బుకు ప్రకటన షూటింగ్, ఆటోగ్రాఫ్ కార్యక్రమం, స్పాన్సర్ పోస్టు చేస్తే అది పనిగా లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. కోచ్ 'ఫర్వాలేదు' అన్నా, వీసా సంగతి తేల్చాల్సింది అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు. సంతకం చేసే ముందు ఆ ఒప్పందం కాపీని వాళ్లకు మెయిల్ చేసి, జవాబు రాతలో వచ్చేదాకా ఆగండి.